సిడ్నీకి ముందు: ఒక కంచు పతకం పూర్వచరిత్ర

కరణం మల్లేశ్వరి అనగానే మనకందరికీ ఒకే తేదీ గుర్తుకు వస్తుంది. 2000 సెప్టెంబర్ 19. ఆ రోజు సిడ్నీ ఒలింపిక్స్‌లో మహిళల 69 కిలోల విభాగంలో ఆమె మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచారు. ఒలింపిక్ పతకం పొందిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమె. ఆ ఒలింపిక్స్‌లో మన దేశానికి దక్కిన పతకం కూడా అదొక్కటే. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు ఈ మూడు వాక్యాలను కంఠస్థం చేస్తారు. పాఠ్యపుస్తకాల్లో, వార్షికోత్సవ వ్యాసాల్లో ఆమె కథ ఇక్కడ మొదలై ఇక్కడే ముగిసిపోతుంది.

నేను నాగావళి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి. ఆ పతకం గురించి మా ప్రాంతంలో రెండు రకాల మాటలు వింటూ వచ్చాను. "మా మట్టిలోనే ఉంది ఆ బలం" అన్నది ఒకటి. "అదృష్టం కలిసొచ్చింది, లేకపోతే మన ఆమదాలవలసెక్కడ, ఒలింపిక్సెక్కడ" అన్నది రెండోది. మొదటిది అభిమానం, రెండోది ఆశ్చర్యం. ఈ రెండు మాటల్లోనూ ఒక మనిషి పదేళ్ళ పాటు చేసిన పనికి చోటు లేదు. ఆ పదేళ్ళ గురించే ఈ టపా. నా దృష్టిలో ఆ కంచు పతకం ఒక జీవితానికి శిఖరం కాదు. శిఖరం దాటి చాలా దూరం దిగివచ్చాక దక్కిన బకాయి.

ముందు ఊరి సంగతి. హౌరా, చెన్నై రైలు మార్గంలో ప్రయాణించిన వారికి 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్ తెలిసే ఉంటుంది. జిల్లా కేంద్రానికి రైలు లేదు. ఆ పేరుతో ఉన్న స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. ఇంగ్లీషు వాళ్ళు శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు కనుక ఆ స్టేషన్ సంకేతాక్షరాలు ఈనాటికీ సీ, హెచ్, ఈ గానే ఉన్నాయి. ఊరి పేరులో ఆమదమూ ఉంది, వలసా ఉంది. మా వైపు 'వలస'తో ముగిసే ఊర్లకు లెక్కలేదు. ఒకప్పుడు బతుకు వెతుక్కుంటూ వచ్చి నిలిచిన వాళ్ళ ఊర్లవి. ఆ తర్వాత బతుకు వెతుక్కుంటూ రంగూనుకూ, ఇప్పుడు హైదరాబాదుకూ, చెన్నైకీ మనుషులను పంపుతున్న ఊర్లు కూడా అవే. ఈ మండలంలోని ఊసవానిపేటలో 1975 జూన్ 1న మల్లేశ్వరి పుట్టారు. తండ్రి మనోహర్ రైల్వే పోలీసు కానిస్టేబుల్, చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవారు. తల్లి శ్యామల. ఇంట్లో అయిదుగురు ఆడపిల్లలు.

ఇటువంటి చోట ఆటల్లో ఏది వేళ్ళూనుతుందన్నది ఆలోచించవలసిన విషయం. నదీ తీరంలో పిల్లలు నడక తర్వాత నేర్చేది ఈతే. అయినా మా జిల్లా నుంచి ఈతలో ఒలింపియన్ రాలేదు. నది ఈత నేర్పుతుంది గానీ పోటీ నేర్పదు. పోటీకి కొలిచిన నీళ్ళు కావాలి, గీతలు గీసిన కొలను కావాలి, గడియారం పట్టుకుని గట్టున నిలబడే గురువు కావాలి. గుంటూరు జిల్లా పల్లెలో పుట్టిన షంషేర్ ఖాన్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బటర్‌ఫ్లై ఈతలో భారతదేశం తరఫున దిగారు. పల్లె నీళ్ళలో నేర్చిన ఈతకు పోటీ రూపం వచ్చింది ఆయన సైన్యంలో చేరిన తర్వాతే. సైన్యమే లేకపోతే ఆ ఈత ఊరి నీళ్ళలోనే మిగిలిపోయేది.

బరువులెత్తడానికి కొలను అక్కరలేదు. ఒక ఇనుప కడ్డీ, కొన్ని చక్రాలు, నెత్తిన ఒక నీడ, ఎలా ఎత్తాలో తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. పైగా మా ప్రాంతానికి ఆ వాసన పాతది. వీరఘట్టంలో 1882లో పుట్టి, ఇనుప గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలిపి 'కలియుగ భీముడు' అనిపించుకున్న కోడి రామమూర్తి నాయుడు కథలు వినకుండా మా తాతల తరం పెరగలేదు. ఆయన సాధన చేసి, తర్వాత వ్యాయామం నేర్పినది విజయనగరంలో. (వీరఘట్టం 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. ఆయన పేరు మాత్రం ఇంకా మా అందరిదీ.) తాలింఖానా అన్న మాట మా పల్లెల్లో పరాయి మాట కాదు. అయితే అది మగవాళ్ళ మాటగా ఉండేది. అదే తాలింఖానాలోకి ఆడపిల్లలు అడుగుపెట్టడం, పెట్టినవాళ్ళను ఊరు వెనక్కు పిలవకపోవడం, ఇదీ ఊసవానిపేటలో జరిగిన కొత్త సంగతి. పతకం కంటే ముందు చరిత్రకెక్కవలసింది ఇది.

ఆ ఊళ్ళో పిల్లలకు బరువులెత్తడం నేర్పినవారు నీలంశెట్టి అప్పన్న. మల్లేశ్వరి కంటే ముందు ఆమె అక్క నరసమ్మ బరువులు పట్టారు. పన్నెండేళ్ళ మల్లేశ్వరి కూడా వెళ్ళి అడిగితే, బక్కపలచగా ఉన్నావు, ఇంటి పని చూసుకోమని గురువు తిప్పి పంపారని ఆమే తర్వాతి రోజుల్లో చాలాసార్లు చెప్పారు. ఆ రోజు తల్లి శ్యామల ధైర్యం చెప్పకపోతే ఈ కథ అక్కడితో ఆగిపోయేది. వద్దన్న గురువే ఆ తర్వాత ఆమెకు తొలి పాఠాలు చెప్పారు. అందుకే "మట్టిలో బలం" అనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోలేను. కట్టెల మోపులూ, వరి మోపులూ, నీళ్ళ బిందెలూ మోసే ఆడవాళ్ళు దేశంలో ప్రతి పల్లెలోనూ ఉన్నారు. మోత పతకం కావడానికి ఒక కడ్డీ, ఒక గురువు, ముందు నడిచిన ఒక అక్క, వెనక నిలిచిన ఒక అమ్మ కావాలి. ఊసవానిపేటలో ఈ నాలుగూ ఒకే కాలంలో కలిశాయి. మట్టి పాత్ర అంతవరకే.

1990లో కథ ఊరు దాటింది. బీజింగ్ ఆసియా క్రీడలకు ముందు జరిగిన జాతీయ శిబిరానికి సోదరి కృష్ణకుమారి వెళ్తే, మల్లేశ్వరి తోడుగా వెళ్ళారు. శిబిరంలో ఆమె పేరు లేదు, చూడ్డానికి వచ్చిన మనిషి మాత్రమే. అక్కడ ఆమెలోని పట్టును గమనించినవారు లియొనిద్ తరనెంకో. ఈయన సామాన్యుడు కాడు. 1980 మాస్కో ఒలింపిక్స్ స్వర్ణ విజేత. 1988లో క్లీన్ అండ్ జెర్క్‌లో 266 కిలోలు ఎత్తిన బెలారుస్ యోధుడు. ఆ 266ను మించి మరొకరు ఎత్తడానికి లోకానికి 2021 దాకా పట్టింది. ఇటువంటి మనిషి కంట పడడాన్ని కావాలంటే అదృష్టం అనుకోవచ్చు. కానీ కంట పడేనాటికే ఊసవానిపేటలో సాగిన సాధన ఆమె చేతుల్లో ఉంది కదా!

ఇక్కడి నుంచి ఆమె ఎక్కిన మెట్లను వరుసగా చెబుతాను. ఈ వరుసే నా వాదనకు ఆధారం.

1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 54 కిలోల విభాగంలో కాంస్యం. అప్పటికి ఆమె వయసు పద్ధెనిమిది. 1994లో హిరోషిమా ఆసియా క్రీడల్లో రజతం. అదే ఏడాది ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేత. 1995లో గ్వాంగ్‌జౌలో, అంటే మహిళల బరువుల క్రీడకు కోట వంటి చైనా గడ్డ మీదనే, మళ్ళీ ప్రపంచ విజేత. 1996లో వార్సాలో మళ్ళీ కాంస్యం. వరుసగా నాలుగేళ్ళు ప్రపంచ వేదిక మీద నిలబడిన మనిషి, అందులో రెండేళ్ళు అందరికంటే పై మెట్టు మీద. ఇరవై ఏళ్ళ వయసుకే రెండు ప్రపంచ కిరీటాలు. అర్జున పురస్కారం, రాజీవ్ గాంధీ ఖేల్‌రత్న, 1999లో పద్మశ్రీ, ఇవన్నీ సిడ్నీకి ముందే ఆమెను వరించాయి. ఢిల్లీ ఆమెను గుర్తించింది. మన తెలుగు ఇళ్ళలో ఎంతమందికి ఆమె పేరు అప్పటికి తెలుసు?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1996లో అట్లాంటాలో ఒలింపిక్స్ జరిగాయి. అప్పుడామెకు ఇరవై ఒక్క ఏళ్ళు, అంతకు ముందు ఏడాది ప్రపంచ విజేత. మరి అట్లాంటాలో ఆమె ఎందుకు లేరు? ఆడవాళ్ళ బరువుల పోటీ ఒలింపిక్స్‌లో లేదు కనుక. అంతే. అట్లాంటాలో బరువులెత్తే పోటీలు పది విభాగాల్లో జరిగాయి, పదీ మగవాళ్ళవే. మగవాళ్ళ బరువుల పోటీ 1896 తొలి ఆధునిక ఒలింపిక్స్ నుంచీ ఉన్నదే. ఆడవాళ్ళకు ప్రపంచ పోటీలంటూ మొదలయిందే 1987లో, అమెరికాలోని డేటోనా బీచ్‌లో. ఒలింపిక్ తలుపు తెరుచుకున్నది 2000లో, సిడ్నీలో, ఏడు విభాగాలతో. మధ్యలో పోయిన నూట నాలుగేళ్ళను ఎవరి ఖాతాలో రాయాలి?

ఈ ఆలస్యం ఒక్క మల్లేశ్వరి జీవితాన్నే తాకలేదు. మణిపూర్‌కు చెందిన కుంజరాణీ దేవి 1989 నుంచీ ప్రపంచ పోటీల్లో పదేపదే రజతాలు తెచ్చిన మేటి. వయసులో మల్లేశ్వరి కంటే ఏడేళ్ళు పెద్ద. ఆమె మంచి రోజులన్నీ తలుపు మూసి ఉన్నప్పుడే గడిచిపోయాయి. సిడ్నీకి ఆమెకు పిలుపు రాలేదు. చివరకు 2004లో ఏథెన్స్‌లో, ముప్పయ్యారేళ్ళ వయసులో ఒలింపిక్ వేదిక ఎక్కి, నాలుగో స్థానంలో ఆగిపోయారు. మల్లేశ్వరికి తలుపు ఆలస్యంగా తెరుచుకుంటే, కుంజరాణికి దాదాపు తెరుచుకోనేలేదు. ఒకరి పతకం పక్కన మరొకరి ఖాళీ చేతులను కూడా చూస్తే గానీ ఆ కాలం మనకు అర్థం కాదు.

అట్లాంటాకూ సిడ్నీకీ మధ్య నాలుగేళ్ళలో చాలా మారింది. 1997లో మల్లేశ్వరి తోటి వెయిట్‌లిఫ్టర్ రాజేశ్ త్యాగిని వివాహమాడి హర్యానాలోని యమునానగర్ కోడలయ్యారు. 1998లో అంతర్జాతీయ సమాఖ్య బరువు విభాగాలను మార్చివేసింది. రెండు కిరీటాలు తెచ్చిన 54 కిలోల విభాగమే లేకుండా పోయింది. ఆ ఏడాది బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఆమె 63 కిలోల విభాగంలో రజతం సాధించారు. సిడ్నీ నాటికి 69 కిలోల విభాగానికి మారారు. చదివే వారికి ఇవి అంకెలుగానే కనిపించవచ్చు. బరువులెత్తేవారికి విభాగం మారడమంటే కొత్త శరీరంతో, కొత్త ప్రత్యర్థులతో, కొత్త లెక్కలతో ఆట మళ్ళీ మొదలుపెట్టడం.

దీన్ని మన పత్రికలు ఎలా చూశాయి? సిడ్నీ జట్టులో ఆమె పేరు చూసి కొందరు నొసలు చిట్లించారు. లావెక్కిందన్నారు, పని అయిపోయిందన్నారు, విహారయాత్రకు పోతోందన్నారు. ఈ రాతలు పెద్ద పత్రికల్లోనే వచ్చాయి. పై విభాగంలో పోటీ చేయాలంటే పై బరువు ఉండాలన్న సాదా విషయం రాసేవారికి తట్టలేదు. మగ మల్లుడు ఒళ్ళు చేస్తే బలమన్నారు, ఆడ మనిషి ఒళ్ళు చేస్తే బద్ధకమన్నారు. పతకం వచ్చిన మర్నాడు అవే పత్రికలు ఆమెను 'ఉక్కు మహిళ' అన్నాయి. నిన్నటి రాతలకు మన్నించమన్న మాట మాత్రం నా కంట పడలేదు.

సిడ్నీ లెక్క ఒక్కసారి జాగ్రత్తగా చూడమని మనవి. బరువుల పోటీలో రెండు భాగాలు. బరువును నేల మీద నుంచి ఒక్క ఊపున తల పైకి లేపడం స్నాచ్. ముందు భుజాల దాకా తెచ్చి, అక్కడి నుంచి తల పైకి నెట్టడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్కదానికి మూడేసి ప్రయత్నాలు. రెంటిలో మేలైనవాటిని కూడితే వచ్చేదే మొత్తం. అప్పటి నిబంధనల ప్రకారం మొత్తాలు సమానమైతే ఒంటి బరువు తక్కువగా ఉన్నవారిదే గెలుపుగా ఉండేది.

మల్లేశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తారు. క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తారు. మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్ 110, 132.5 కలిపి 242.5. హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్ 112.5, 130 కలిపి అదే 242.5. ఒంటి బరువు తక్కువ కనుక స్వర్ణం చైనాకు, రజతం హంగరీకి దక్కాయి. మల్లేశ్వరికి ఒక్క ప్రయత్నం మిగిలింది. ఆమె 137.5 కిలోలు వేయించుకున్నారు. లేస్తే మొత్తం 247.5, ఎవరితోనూ పంచుకోనక్కరలేని స్వర్ణం. బరువు లేవలేదు.

ఆనాటి నిబంధనల ప్రకారం బరువు పెంచగలిగిన కనీస మెట్టు 2.5 కిలోలు. అంటే కడ్డీకి ఒక్కొక్క కొసన కిలోంబావు. సిడ్నీలో స్వర్ణానికీ కాంస్యానికీ నడుమ ఉన్న మొత్తం దూరం అంతే, కొసకు కిలోంబావు. మన సంతలో ఆ తూకానికి వంకాయలు కొనుక్కుంటాం. అట్టడుగు మెట్టుతో తృప్తి పడక, 130 మీద నుంచి ఒక్కసారిగా ఏడున్నర కిలోలు పెంచి అడగడం తెలివైన పనేనా అన్న చర్చ ఆ తర్వాత చాలా జరిగింది. 135 అడిగి లేపి ఉంటే మొత్తం 245 అయ్యేది కదా అని కాగితం మీద ఎవరైనా లెక్క కట్టవచ్చు. నాకు మాత్రం ఆ 137.5లో ఒక పాత ప్రపంచ విజేత కనిపిస్తుంది. మూడో స్థానం కోసం వచ్చిన మనిషి ఆ బరువు అడగదు. రెండుసార్లు పై మెట్టు మీద నిలబడి, ఆ మెట్టు ఎలా ఉంటుందో తెలిసిన మనిషే అడుగుతుంది. అదృష్టం కొద్దీ వచ్చిన కంచు అనేవారు ఆ ఆఖరి ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను. 2001లో ఆమెకు కొడుకు పుట్టాడు. 2002 కామన్వెల్త్ క్రీడలతో మళ్ళీ రావాలనుకున్నారు గానీ తండ్రి మరణంతో ఆ ప్రయత్నం ఆగింది. 2004లో ఏథెన్స్ వెళ్ళారు. నడుము సహకరించలేదు, పోటీ పూర్తి కాలేదు. అక్కడితో ఆట చాలించారు. భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేశారు. 2021లో ఢిల్లీ ప్రభుత్వం కొత్తగా నెలకొల్పిన క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా ఆమెను నియమించింది. ఆమదాలవలస పిల్ల ఢిల్లీలో ఉపకులపతి కావడం మాకు గర్వమే. కానీ ఆ గర్వం వెనకే ఒక ప్రశ్న వస్తుంది. శిక్షణకు బెంగుళూరూ ఢిల్లీ, కాపురం యమునానగర్, ఉద్యోగం ఉత్తరాదిన, పదవి ఢిల్లీలో. తొలి పాఠాలు మాత్రమే మా ఊళ్ళో. ఊరి పేరులోని వలస ఆమె జీవితంలోనూ తప్పలేదు. ప్రతిభను పుట్టించిన నేల దాన్ని నిలుపుకోవడానికి ఏం చేసిందన్న ప్రశ్నకు మా దగ్గర గట్టి జవాబు లేదు.

అలాగని అంతా శూన్యమనడం కూడా సరి కాదు. విజయనగరం జిల్లా నెల్లిమర్ల దాపున కొండవెలగాడ అనే పల్లె ఉంది. వెయిట్‌లిఫ్టర్ల ఊరని పేరు పడింది. ఆ ఊరి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. మొదటి స్థానంలో నిలిచిన నైజీరియా అమ్మాయి నిషిద్ధ ఔషధ పరీక్షలో దొరికిపోవడంతో అది రజతమయింది. ఊసవానిపేటలో కలిసిన ఆ నాలుగూ, కడ్డీ, గురువు, అక్క, అమ్మ, మరో పల్లెలో కూడా కలవగలవని సంతోషి నిరూపించారు. దేశం మొత్తం మీద చూస్తే, బరువుల్లో భారత్‌కు రెండో ఒలింపిక్ పతకం రావడానికి ఇరవై ఒక్క ఏళ్ళు పట్టింది. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, మీరాబాయి చాను తెచ్చిన రజతం అది. ఆమెదీ కుంజరాణి పుట్టిన మణిపూరే. కుంజరాణికి అందనిది ఆమె రాష్ట్రపు ఆడపిల్లకు అందిందని నేను సంతోషించాను.

పతకాలను లెక్కపెట్టడం చరిత్ర రాయడం కాదు. లెక్కే పెట్టదలిస్తే మల్లేశ్వరి ఖాతాలో మొదట రాయవలసినవి ఇస్తాంబుల్, గ్వాంగ్‌జౌ. వాటి కింద 1996 అట్లాంటా ఎదుట ఒక ఖాళీ గడి వదలాలి, అది ఎందుకు ఖాళీగా ఉందో పక్కన రాయాలి. ఆ తర్వాతే సిడ్నీ. ఈ వరుసలో చదివితే సిడ్నీ కంచు విలువ తగ్గదు, పెరుగుతుంది. మంచి రోజులు దాటిపోయాక, విభాగం మారిపోయాక, వెనక నుంచి వెక్కిరింతలు వినబడుతుండగా వెళ్ళి, తలుపు తెరుచుకున్న మొదటి ఏడాదే లోపలికి నడిచిన మనిషి ఆమె.

చదువరులకు ఒక్క విన్నపం. మీ ఊళ్ళలోనూ ఒక తాలింఖానా ఉండి ఉంటుంది. అందులో జీతం లేకుండా నేర్పిన ఒక అప్పన్న, పతకం దాకా రాకుండా పెళ్ళితోనో ఉద్యోగంతోనో ఆగిపోయిన ఒక నరసమ్మ ఉండి ఉంటారు. అటువంటి వారి పేర్లూ, ఊర్లూ, ఏళ్ళూ అడిగి తెలుసుకుని తెలుగులో రాసి పెట్టండి. గెలిచినవారి గురించి రాయడానికి ఢిల్లీ పత్రికలు ఉండనే ఉన్నాయి. నేర్పినవారి గురించి మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.